బోసి తొట్టెకు వకాల్తా

పసిబిడ్డకు తొట్టె కొనడం మనవాళ్ళకు పెళ్ళిపందిరి వేయించడం వంటిదని నాకు చాలాకాలంగా అనుమానం. పందిరి ఎవరికోసమో తొట్టె కూడా వారికోసమే: వచ్చి చూసిపోయే నలుగురికోసం. పందిట్లో చెమటలు కక్కుతున్న పెళ్ళికొడుకు గురించి ఎవరూ ఆలోచించనట్లే, ఆ తొట్టెలో రోజుకు పదిహేను పదహారు గంటలు పడుకోవలసిన బిడ్డ గురించీ ఎవరూ ఆలోచించరు. పెళ్ళికొడుకైతే కనీసం విసనకర్ర అడుగుతాడు. నెలబిడ్డ ఏమడుగుతుంది? మొహంమీద పడిన గుడ్డను చేత్తో లాగేసుకోవడం కూడా దానికి చేతకాదు.

ఈ మాటలు కొందరికి కటువుగా తోచవచ్చు. కటువుగానే రాయదలచుకొన్నాను. నా వాదం చాలా చిన్నది. నెలల బిడ్డ నిద్రపోయే తొట్టెలో ఒక గట్టి పరుపు, దానిమీద ముడతలు లేకుండా బిగించిన పక్కగుడ్డ, వెల్లకిలా పడుకొన్న బిడ్డ మాత్రమే ఉండాలి. వీటికి మించి ఏది ఉన్నా, అది ఎంత ముద్దుగా ఉన్నా, ఎవరు ఎంత ప్రేమతో తెచ్చినా, తీసి అవతల పెట్టాలి. "అబ్బే, తొట్టె బోసిగా ఉందే!" అంటారు చూసినవాళ్ళు. ఉండనివ్వండి. బోసినవ్వును చూసి మురిసిపోయే మనం బోసి తొట్టెను చూసి ఎందుకు మొహం చిట్లించుకొంటామో నాకు అంతుపట్టదు.

ఈ విషయంలో నాకు ఎదుటిపక్షాలు రెండు. ఒకటి అంగడి, రెండవది "మన పూర్వులు" అనే పక్షం. పైకి ఈ రెండూ ఉత్తరదక్షిణ ధ్రువాల్లా కనిపిస్తాయి గాని, తొట్టెను నింపే దగ్గర మాత్రం చేతులు కలుపుతాయి.

ముందు అంగడి సంగతి. మా అన్నయ్య కూతురు పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు, తొట్టె కొనడానికి అన్నయ్య వెంట నేనూ వెళ్ళాను. నగరంలో పేరున్న కొట్టే. గులాబిరంగు తొట్టె, పైన తెల్లటి జాలరు, నాలుగు వైపులా లోపల కట్టిన పొడుగాటి మెత్తటి దిండ్లు, తలకింద దిండు, కాళ్ళదగ్గర దిండు, ఒక ఎలుగుబంటి, ఆ ఎలుగుబంటికి కూడా చిన్న దిండు. ధర 22,000. ఏ ప్రమాణం ప్రకారం తయారైందని అడిగితే "ఇంపోర్టెడ్ సార్" అన్నాడు కొట్టులోని కుర్రవాడు. దిగుమతి కావడం కూడా ఒక ప్రమాణమేనన్నమాట! తిరగేసి చూస్తే తయారుచేసినవాడి పేరుగాని, తేదీగాని, ఎంత బరువు ఆగుతుందన్న ముక్కగాని ఎక్కడా లేదు. జేబులోంచి స్కేలు తీసి కమ్మీల మధ్య సందు కొలిచాను. ఎనిమిది సెంటీమీటర్లు.

అమెరికా నిబంధనల ప్రకారం ఆ సందు రెండుంబావు అంగుళాలకు పిసరంత ఎక్కువ, అంటే సుమారు 6 సెంటీమీటర్లు దాటకూడదు. ఐరోపా ప్రమాణం ప్రకారమైతే నాలుగున్నర నుండి ఆరున్నర సెంటీమీటర్ల మధ్య ఉండాలి. ఇది ఎవరో కుర్చీలో కూర్చొని పెట్టిన లెక్క కాదు. శిశువు శరీరంలో అన్నిటికన్నా పెద్దది తల. సందు వెడల్పుగా ఉంటే కాళ్ళు జారతాయి, నడుము జారుతుంది, ఛాతీ జారుతుంది, తల జారదు. ఆ తరవాతి మాట రాయడానికి నాకు చేయి రాదు.

ఈ సంగతే చెబితే ఆ కుర్రవాడు ఏమన్నాడో తెలుసునా? "అందుకే కదా సార్ చుట్టూ దిండ్లు ఇచ్చింది!"

తెలిసి అన్నాడో తెలియక అన్నాడోగాని, ఆ ఒక్క మాటలో ఆ దిండ్ల పుట్టుపూర్వోత్తరాలన్నీ ఉన్నాయి. బంపర్లని పిలిచే ఈ దిండ్లు అమెరికాలో వాడుకలోకి వచ్చిన కారణాలలో ముఖ్యమైనది, అప్పటి తొట్లకు కమ్మీలు మరీ దూరదూరంగా ఉండడం. 1973లో అక్కడి ప్రభుత్వం కమ్మీల దూరానికి హద్దు పెట్టింది. అంతటితో బంపరు పని అయిపోవాలి. కాలేదు. రోగం కుదిరినా మందు మిగిలిపోయింది, అందమైన మందు కనుక. పూలు, కుందేళ్ళు అద్దుకొని మరో యాభై ఏళ్ళు బతికింది. 1985 నుండి 2005 దాకా నమోదైన మరణాలను తిరగేసి కొందరు వైద్యులు 2007లో ఒక పత్రం ప్రచురించారు. ఈ దిండ్లకు మొహం ఒత్తుకుపోయో, దిండుకూ పరుపుకూ మధ్య ఇరుక్కొనో, కట్టుతాళ్ళు మెడకు చుట్టుకొనో 27 మంది పసివాళ్ళు పోయినట్లు అందులో లెక్క తేలింది. షికాగో నగరం 2011లో, మేరీలాండ్ రాష్ట్రం 2013లో వీటి అమ్మకాన్ని నిషేధించాయి. దేశమంతటికీ వర్తించే చట్టం మీద 2022 మే నెలలో అధ్యక్షుడి సంతకం పడింది. అదే సంవత్సరం నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అక్కడ అమ్మడం నేరమైన సరుకును ఇక్కడ "ఇంపోర్టెడ్" అని చెప్పి, మన చేతనే అదనపు ధర కట్టించుకొని అంటగడుతున్నారు. ఇంతకన్నా ఏం చెప్పమంటారు?

ఒక వైపు చట్రం కిందికి జారే తొట్ల కథా ఇంతే. వంగకుండా బిడ్డను ఎత్తుకోవడానికి తల్లికి సుఖంగా ఉంటుందని వాటిని తెచ్చారు. నిజమే, సుఖమే. కాని ఆ జారే చట్రాన్ని పట్టి ఉంచే బిగింపులు వాడగా వాడగా అరుగుతాయి. ఒక మూల ఊడి, చట్రానికీ పరుపుకూ మధ్య సందు ఏర్పడుతుంది. బిడ్డ అందులోకి జారుతుంది. 2000 తరవాతి పదేళ్ళలో ఇటువంటి తొట్లవల్ల కనీసం 32 మంది శిశువులు పోయారని అమెరికాలో వినియోగదారుల వస్తువుల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ లెక్కకట్టింది. 2011 జూన్ నుండి అక్కడ వాటి తయారీ, అమ్మకం ఆగిపోయాయి, 2012 డిసెంబరు చివరినుండి సత్రాల్లో, శిశుసంరక్షణాలయాల్లో వాడకం కూడా. అమెరికా నుండి తిరిగివస్తూ సామానుతోబాటు పాత తొట్టెను ఓడలో వేసుకొచ్చి, ఇక్కడ తమ్ముడి పిల్లలకో చెల్లెలి పిల్లలకో కానుకగా ఇచ్చేవారు దయచేసి ఒకసారి దాని పక్క చట్రం కదిపి చూడండి.

ఇక రెండవ పక్షం. "ఇవన్నీ పెట్టుకొనే మేమంతా పెరగలేదా? మాకేమైనా అయిందా?" అంటారు వీరు. ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారు చెప్పడానికి మిగలలేదు కనుకనే ఇది ఇంత గడుసుగా వినిపిస్తుంది. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది బిడ్డలలోనూ 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. ఆ పోయినవాళ్ళంతా తొట్లవల్ల పోయారని నేననడం లేదు. అతిసారం, అంటురోగాలు, తక్కువ బరువుతో పుట్టడం అసలు కారణాలు. నేననేదల్లా, అంతమంది పోతూ ఉన్న రోజుల్లో నిద్రలో పోయిన ఒక్క బిడ్డ ఎందుకు పోయిందో ఎవరు అడిగారు అని. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు. లేదా తల్లిని అన్నారు.

మా నాయనమ్మ సంగతి అదే. మా నాన్నకన్నా ముందు ఆమెకు ఒక ఆడపిల్ల. మూడోనెలలో, ఒక తెల్లవారుజామున, బిడ్డ లేవలేదు. ఒళ్ళెరగని నిద్రలో తల్లి ఒత్తేసిందన్నారు ఇంట్లోవాళ్ళు. పరుపు మెత్తనిదా, కంబళి మొహంమీద పడిందా, బిడ్డ బోర్లా ఉందా అని ఎవరూ చూడలేదు. చూడాలని తెలియదు కూడా. కారణం ఏమిటో ఇప్పుడు నేనూ చెప్పలేను. కాని ఆ మాటను నాయనమ్మ ఆపైన అరవై ఏళ్ళు మోసింది. ఏ పురిటింటికి వెళ్ళినా గుమ్మంలోనే నిలబడి బిడ్డను చూసేది. ఎత్తుకొనేది కాదు. "మన పూర్వులు" అన్న మాట విన్నప్పుడల్లా నాకు గుమ్మంలో నిలబడ్డ ఆవిడే గుర్తుకొస్తుంది. పూర్వులలో ఆవిడా ఒకరు కదా.

పూర్వపు వస్తువుల మీద నాకు ద్వేషం లేదు. టేకు తొట్టె, చిలకల పందిరి, ఇత్తడి గొలుసులు, చూడముచ్చటగానే ఉంటాయి. బారసాలనాడు బిడ్డను అందులో వేసి నలుగురు ముత్తయిదువలు ఊపుతుంటే నేనూ నిలబడి చూస్తాను. ఆ పూట అయ్యాక రాత్రి నిద్రకు మాత్రం అది పనికిరాదంటాను. మూలల్లో నిలబెట్టిన గుబ్బలు చూడండి. మన పిల్లల మెడలో తాయెత్తు ఉంటుంది, పులిగోరు ఉంటుంది, దిష్టిపూసల దండ ఉంటుంది. లేచి నిలబడే ఈడు వచ్చిన బిడ్డ ఆ గుబ్బ పక్కన కూలబడితే దారం గుబ్బకు తగులుకొంటుంది. గట్టి దారం తెగదు. మూల కోళ్ళు చట్రం అంచుకన్నా దాదాపు పైకి రాకూడదని బయటి దేశాల ప్రమాణాలు చెప్పేది ఇందుకే. మెడలోవి పడుకోబెట్టేముందు తీసేయమని పెద్దవాళ్ళకు చెప్పడం తొట్టె కొన్నంత తేలిక కాదు, నాకు తెలుసు. తాయెత్తును మొలతాడుకు కట్టినా రక్షిస్తుందని ఒప్పించడం కాస్త తేలిక.

రంగు సంగతి కూడా. ఇంటికి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందు రంగువేసిన తాతలనాటి తొట్టెమీద ఏముందో ఎవరు చూశారు? పళ్ళొచ్చే బిడ్డ మొదట కొరికేది ఆ చట్రాన్నే.

జోలె గురించి రాయకపోతే ఈ వాదం పూర్తికాదు. చీర ఉయ్యాల అనండి, ఏణె అనండి. మిరపతోటలో కూలికి వెళ్ళిన తల్లి వేపకొమ్మకు జోలె కట్టిందంటే, నేలమీద చీమలు, తేళ్ళు, పాములు ఉన్నాయి కనుక కట్టింది. ఆమెకు ఉపదేశం చేసే అర్హత నాకు లేదు. కూలి ఇచ్చేవాడు నీడ, పక్క చూపించనంతకాలం ఆ జోలే ఆమెకు దిక్కు. నేను మాట్లాడుతున్నది మూడు పడకగదుల ఇంట్లో, ఫ్యాను కొక్కేనికి పట్టుచీర కట్టి రాత్రంతా బిడ్డను అందులో వదిలేసేవారి గురించి. గుడ్డ కిందికి జారి వంపు తిరుగుతుంది, బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఆ లేత గొంతు మడత పడుతుంది. గుడ్డ రెండువైపుల నుండీ మొహాన్ని మూస్తుంది. కొంచెం పెద్దపిల్లలు ఒంటరిగా దానితో ఆడుకొంటూ మెలికలు పడి ఉరిపడిన ఉదంతాలు మన వైద్యపత్రికల్లోనే ఉన్నాయి. పగటిపూట, ఎవరో ఒకరు కళ్ళెదుట కూర్చొని, జోలపాట పాడి, నిద్రపట్టగానే తీసి చదునైన పక్కమీద వేస్తామంటే నాకు అభ్యంతరం లేదు.

ఇది పల్లెటూరి మూఢత్వం అని పట్నవాసులు తల ఎగరేయనక్కరలేదు. అదే వంపును ప్లాస్టిక్కుతో చేసి, మెత్త వేసి, ఊగే ఏర్పాటు పెట్టి అమెరికాలో అమ్మారు. ఫిషర్-ప్రైస్ సంస్థవారి రాక్ ఎన్ ప్లే అన్న ఏటవాలు ఊయలలను 2019 ఏప్రిల్‌లో సుమారు 47 లక్షల మేరకు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అప్పటికి ముప్పైమందికి పైగా శిశువులు వాటిలో పోయారు. బంపర్లను నిషేధించిన 2022 చట్టమే, పది డిగ్రీలకు మించి వాలు ఉన్న నిద్రసాధనాలనూ నిషేధించింది. గొంతు మడతపడడానికి చీర అయితేనేమి, ప్లాస్టిక్కు అయితేనేమి?

ఇక ఆవాల దిండు. తల గుండ్రంగా రావాలని నెలబిడ్డ తలకింద పెట్టే ఈ చిన్న దిండును తీసేయమన్నందుకు నేను మా ఇంట్లో నెలరోజులు వెలివేయబడ్డాను. "తల సొట్టపడితే రేపు దానికి సంబంధం ఎవడు తెస్తాడురా, నువ్వు తెస్తావా?" అంది మా మేనత్త. తల సొట్ట పడకుండా చేయవలసినది వేరే ఉంది: మెలకువగా ఉన్నప్పుడు, మనం చూస్తుండగా, రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టడం, నిద్రలో తల తిరిగే వైపు మారుతుండేలా పడుకోబెట్టే దిశను మార్చడం. దిండు చేసేది మెడను ముందుకు వంచడం, లేదా జరిగివచ్చి మొహం పక్కన గుట్టలా నిలవడం. బిడ్డ వదిలిన గాలే ఆ మెత్తటి గుట్ట దగ్గర నిలిచిపోయి, దాన్నే మళ్ళీ పీల్చుకొంటుంది. అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంటుంది. పెద్దవాళ్ళయితే ఉలిక్కిపడి లేస్తారు. అన్ని శిశువులూ లేవవు.

వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు గొంతుకు అడ్డుపడతాయన్నది మా వదిన భయం. చాలామంది తల్లుల భయం కూడా అదే. కొట్టిపారేయవలసినది కాదు, సమాధానం చెప్పవలసినది. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరిగొట్టం పైన, అన్ననాళం దాని కింద ఉంటాయి. పైకి వచ్చిన పాలు ఊపిరిగొట్టంలోకి పోవాలంటే ఎత్తు ఎక్కాలి. బోర్లా వేస్తే ఇది తలకిందులవుతుంది: ఊపిరిగొట్టం కిందికి వస్తుంది, పాలు అటు జారడమే సులువు. అమెరికా శిశువైద్యులు బోర్లా వద్దని 1992లో చెప్పారు. 1994లో దేశమంతటా ప్రచారం మొదలైంది. తరవాతి పదేళ్ళలో నిద్రలో అకారణంగా పోయే శిశువుల మరణాలు అక్కడ సగానికి పైగా తగ్గాయి. ఒక మందు లేదు, ఒక యంత్రం లేదు. బిడ్డను తిప్పి వేశారు, అంతే.

తొట్టె ఎక్కడ వేయాలన్న దానిమీద కూడా తగవే. విదేశాల్లోని మనవాళ్ళు కొందరు బిడ్డకు వేరే గది, గోడకు మబ్బుల బొమ్మలు, తొట్టెపైన కెమెరా పెట్టి దాన్ని నాగరికత అనుకొంటున్నారు. ఆ దేశపు వైద్యులు చెప్పేది అది కాదు: కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, వేరే పక్కమీద. ఇక్కడి పెద్దవాళ్ళేమో "పక్కలో వేసుకో" అంటారు. తల్లి మంచానికి చెయ్యిచాపు దూరంలో తొట్టె ఉంటే పాలివ్వడం దూరాభారం కాదు, బూరుగుదూది పరుపులో బిడ్డ కూరుకుపోవడమూ ఉండదు. మంచి పరుపును చేత్తో నొక్కి తీస్తే గుంట మిగలకూడదు. పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్ళకు మించి సందు ఉండకూడదు. బిడ్డ కూర్చోవడం మొదలుపెట్టగానే పరుపును ఒక మెట్టు దించాలి. నిలబడే లోపు అన్నిటికన్నా కింది మెట్టుకు దించాలి. ఎత్తు 35 అంగుళాలు వచ్చిందంటే ఆ బిడ్డకు తొట్టె చెల్లిపోయినట్లే.

దోమతెర సంగతి అడుగుతారని తెలుసు. డెంగీ ఊళ్ళో బతికేవాళ్ళం, తెర కావాలి. తొట్టె బయటినుండి బిగువుగా దించి, పరుపు కిందికి దోపాలి. వేలాడుతూ బిడ్డ చేతికి అందే తెర తెర కాదు, ఇంకొక గుడ్డ. చలికి కూడా వదులు దుప్పటికి బదులు ఇంకొక చొక్కా తొడగండి.

"ఇన్ని నియమాలు డబ్బున్నవాళ్ళకు" అని ఒక మిత్రుడు దెప్పాడు. తలకిందులుగా అర్థం చేసుకొన్నాడు. నేను తీసేయమంటున్నవన్నీ డబ్బు పోసి కొనేవే! ఫిన్లండ్ దేశంలో 1938 నుండి పేద తల్లులకు, 1949 నుండి తల్లులందరికీ ప్రభుత్వం ఒక అట్టపెట్టె ఇస్తోంది. అందులో బిడ్డ బట్టలు ఉంటాయి, అడుగున చిన్న పరుపు ఉంటుంది. బట్టలు తీసేస్తే ఆ పెట్టే బిడ్డకు మొదటి పక్క. అట్టపెట్టె గొప్పదని కాదు నేననేది. పక్క అనేది ఎంత తక్కువలో అయిపోతుందో చూడమంటున్నాను. 2017లో తెలంగాణలో మొదలైన కేసీఆర్ కిట్టులో కూడా దోమతెర, పిల్లల పరుపు ఉండేవి. పక్క ఇచ్చే ప్రభుత్వం, దానిమీద బిడ్డను ఎలా పడుకోబెట్టాలో నాలుగు బొమ్మలు వేసిన కాగితం కూడా అదే సంచిలో పెట్టవచ్చు. ఆ కాగితానికయ్యే ఖర్చు ఎంతని?

22,000 తొట్టె మేము కొనలేదు. తెలిసిన వడ్రంగి చేత, ఐదున్నర సెంటీమీటర్ల సందుతో, గుబ్బలు లేకుండా, నాలుగు వైపులా కదలని చట్రంతో చేయించాం. పరుపు దాని కొలతకే కుట్టించాం. బారసాలకు వచ్చినవారిలో ముగ్గురు ఎలుగుబంట్లు తెచ్చారు. వాటిని బీరువా మీద వరసగా కూర్చోబెట్టాం. అక్కడినుండి అవి బిడ్డను చూస్తుంటాయి.

తా.క.: విడిభాగాలుగా వచ్చే తొట్టె అయితే, దాన్ని బిగించే తాళంచెవిని పారేయకండి. చట్రానికే దారంతో కట్టి ఉంచండి, బిడ్డకు అందని వైపు. నెలకొకసారి మరలన్నీ బిగించి చూడండి. ఒక్క మర పోయినా, దాని బదులు మేకు కొట్టి సరిపెట్టకండి. తీగెతోనూ, తాడుతోనూ కట్టకండి.